మొదటి హాఫ్, పక్కన స్నేహితురాలు, పైగా విరాళాల సేకరణ: అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

ఉప్పల్_నడక · హైదరాబాద్ · జూన్ 10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు. వయసు నలభై మూడు, బ్యాంకు ఉద్యోగం. 10కెలు (10 కిలోమీటర్ల పరుగులు) పరిగెత్తాను కానీ హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, ఎప్పుడూ చెయ్యలేదు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చేశాను.

మా బ్రాంచి అటెండర్ గారి అబ్బాయికి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆయన సెలవు చీటీలో కారణం రాయడం ఎప్పుడో మానేశాడు, మేనేజరు అడగడమూ మానేశాడు. అలాంటి పిల్లల వైద్యం చూసే ఒక సంస్థ కోసం ఈ పరుగు పేరు చెప్పి విరాళాలు అడుగుదామని నా ఆలోచన.

అసలు ఇబ్బంది వేరే ఉంది. హన్మకొండలో డిగ్రీ కలిసి చదివిన స్నేహితురాలు నాతో వస్తానంది. తను ఏళ్ల తరబడి పరిగెత్తుతోంది, హాఫ్ రెండు గంటల్లోపు చేసేస్తుంది. నాకు మూడు గంటలు పట్టేలా ఉంది. "నీ పక్కనే ఉంటా, నా టైమ్ గురించి నువ్వు మాట్లాడకు" అని ఒకటే మాట. ఆదివారం లాంగ్ రన్‌లో కాసేపటికోసారి "నువ్వు వెళ్లిపోవే" అంటున్నాను. తను కదలదు. తను ఉంటే ధైర్యంగా ఉంటుంది, తన పరుగు పాడుచేస్తున్నానని బెరుగ్గానూ ఉంటుంది.

ఇలా జంటగా పరిగెత్తినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? ఇక విరాళాలు అడిగితే చుట్టాలు ఫోన్ ఎత్తడం మానేస్తారేమోనని ఇంకో భయం.

పేసర్_బాబాయ్ · ఖైరతాబాద్ · జూన్ 10

అమ్మా, ముందుగాల ఆ "నువ్వు వెళ్లిపో" అనుడు బంద్ జెయ్యి. నువ్వు అన్నప్పుడల్లా ఆమె "లేదు" అనాలె, ఇద్దరి ఊపిరీ దండగ. నేను శానా ఏండ్ల సంది పేసర్‌గ, అంటే ఒక టైమ్ పెట్టుకొని అందరికీ స్పీడ్ సూపెట్టేటోడిగ, బెలూన్ కట్టుకొని ఉరుకుతున్న, గందుకే చెప్తున్న.

రూట్ సంగతి ఇను. పీపుల్స్ ప్లాజా కాడ మొదలు, గచ్చిబౌలి స్టేడియంల ఖతం. నడుమ పంజాగుట్ట ఫ్లైఓవర్, కేబీఆర్ పార్కు దిక్కు ఎక్కుడు, చెక్‌పోస్ట్, రోడ్ నంబర్ 45, కేబుల్ బ్రిడ్జి. సాపు రోడ్డు శానా తక్కువ. ఎక్కేటప్పుడు వాచ్ సూడొద్దు. కింద ఎంత కష్టపడ్డవో పైకి కూడ అంతే కష్టపడు, స్పీడ్ తగ్గుతే తగ్గనియ్. మోకాళ్లు పోయేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. దిగుడు రాంగనే మనసు ఉరుకుదామంటది, గప్పుడు చిన్న చిన్న అడుగులెయ్యాలె.

స్పీడ్ ఎంతుండాలె? ఉరుక్కుంట పూరా ఒక వాక్యం చెప్పొస్తే సరిగ్గున్నట్టు. రెండు మాటలకే ఊపిరి తెగుతుందంటే తగ్గించాలె. గందుకే తోడు కావాలె. ఒక్కదానివే ఉంటే ఎవరితోని మాట్లాడి సూస్తవ్?

తోడు వచ్చే ఆమెకి కూడ రెండు ముచ్చట్లు. అడుగు ముందట ఉరకొద్దు. నువ్వు ముందటుంటే ఎనకామె నిన్ను అందుకోవాలని సూస్తది, తెల్వకుండనే స్పీడ్ పెరుగుతది. భుజానికి భుజం ఉండాలె, లేకుంటే అర అడుగు ఎనక. మొదట్ల జనం కిక్కిరిసి ఉంటరు, గాడ మాత్రం పక్కపక్కన పోయి ఎనకోళ్లకు అడ్డం పడొద్దు, ఒకళ్ల ఎనక ఒకళ్లు ఎడమ పక్కకు పోవాలె.

సూటి_మాట · జూన్ 11

మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నా ఉద్దేశం కాదు గానీ ఒక సందేహం. పిల్లల వైద్యానికి డబ్బు కావాలి. మీ దగ్గర ఉంది, మీ స్నేహితుల దగ్గరా ఉంది. నేరుగా పంపెయ్యొచ్చు కదా? మధ్యలో 21 కిలోమీటర్లు ఎందుకు? ఎంట్రీ ఫీజు, షూస్, టీషర్టు, మెడల్, వీటికయ్యే ఖర్చు కూడా ఆ పిల్లలకే ఇస్తే ఇంకా మంచిది కదా? ఈ చారిటీ పరుగులు చూస్తే నాకు ఎప్పుడూ అదే అనిపిస్తుంది. సాయం కంటే ఫొటోలే ఎక్కువ.

ఉప్పల్_నడక · జూన్ 11

సూటి మాట గారూ, న్యాయమైన ప్రశ్నే. నిరుడు మా బ్రాంచిలో అందరం తలా కొంత వేసుకుని ఆ బాబు కోసం ఇచ్చాం. ఒక్కసారి ఇచ్చాం, ఎవరి మనసుకు వాళ్లకి తృప్తి, ఆ తర్వాత ఎవరం ఎత్తలేదు. రక్తం మాత్రం మూడు వారాలకోసారి కావాలి. ఈ పరుగు పెట్టుకున్నాక మూడు నెలలుగా ప్రతి సోమవారం ఎవరో ఒకరు "మేడమ్, నిన్న ఎంత పరిగెత్తారు" అంటారు. ఆ వెంటనే బాబు సంగతి వస్తుంది. చందా డబ్బా పెడితే ఇలా ఎవరూ అడగరు.

షూస్ ఎలాగూ నా సరదా కొద్దీ కొనేదాన్నే. అది మీ లెక్కలోకి రానివ్వను.

పద్దు_పుస్తకం · విజయవాడ · జూన్ 11

చార్టర్డ్ అకౌంటెంట్‌ని, అలవాటు కొద్దీ లెక్కలు చెబుతాను. ఎంట్రీ ఫీజు విరాళం కాదు. రోడ్డు, నీళ్లు, అంబులెన్సు, మెడల్, వీటికోసం నిర్వాహకులకు కట్టే డబ్బు అది. దాని మీద 80జి, అంటే విరాళాలకిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు, ఉండదు. విరాళం సంస్థ ఖాతాకే నేరుగా పోవాలి. మీ ఫోన్‌పేకి తెప్పించుకుని తర్వాత మొత్తంగా పంపుతానంటే మాత్రం వద్దమ్మా. రసీదు మీ పేరున వస్తుంది, ఇచ్చినవాళ్లకు ఏమీ మిగలదు, పైగా ఎవరు ఎప్పుడు ఏ మాట అంటారో తెలియదు.

సంస్థకు 80జి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. దాతలు పాన్ ఇవ్వాలి. సంస్థ ఫారం 10బీఈ ఇస్తుంది, రిటర్నులో మినహాయింపుకు ఆ సర్టిఫికెట్టే ఆధారం. రూ. 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కాబట్టి యూపీఐ, చెక్కు, బ్యాంకు బదిలీ ఏదైనా మంచిదే. ఇంకో ముఖ్యమైన సంగతి: కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు 80జి వర్తించదు. "పన్ను కూడా కలిసొస్తుంది" అని అందరికీ ఒకటే మెసేజ్ పెట్టకండి. మార్చి దాటాక మిమ్మల్నే తిడతారు.

కాజా_కావాలి · కాకినాడ · జూన్ 12

చుట్టాల భయం ఉన్నవాళ్లకి మా ఇంటి సలహా. పెళ్లిలో చదివింపులు ఎలా రాస్తారో గుర్తు తెచ్చుకోండి. పుస్తకంలో మొదటి పేరు పక్కన 1,116 ఉంటే తర్వాతివాళ్లు దాని చుట్టుపక్కలే తిరుగుతారు. అదే 116 ఉంటే మేనమామ కూడా 116 దగ్గరే ఆగిపోతాడు. విరాళాల పేజీ కూడా అంతే. ముందు మీది వేయండి, తర్వాత మీ స్నేహితురాలితో వేయించండి, ఆ తర్వాత చెయ్యి పెద్దగా ఉన్న బాబాయికి చెప్పండి. అప్పుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి.

గ్రూపులో "దయచేసి సహాయం చేయగలరు" అని పడేస్తే అందరూ దండం బొమ్మ పెట్టి తప్పుకుంటారు. విడివిడిగా ఫోన్ చెయ్యండి, "పిన్నీ, ఇంత కావాలి" అని అంకె చెప్పండి. అంకె చెప్తే ఇస్తారు, లేకపోతే కుదరదంటారు, ఏదో ఒకటి తేలుతుంది.

గోదారోడు_టొరంటో · జూన్ 13

ఏవండోయ్ సూటి మాట గారూ, పరుగుకీ విరాళానికీ సంబంధం ఏమిటని అడిగారు కాబట్టి నేనుండే దేశం కథ ఒకటి చెబుతాను.

టెర్రీ ఫాక్స్ అని ఒక కుర్రాడు. ఎముక కేన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు చివర సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలితో పరుగు మొదలుపెట్టాడు. ఇంచుమించు రోజుకో మారథాన్. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది, కేన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. దేశంలో ఒక్కో మనిషి నుంచి ఒక్కో డాలరు రావాలన్నది ఆయన కోరిక. 1981 ఫిబ్రవరికల్లా ఆ 2 కోట్ల 40 లక్షల డాలర్ల లెక్క దాటింది.

ఇదంతా ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారండీ. నేను చెప్పదలచుకున్నది డగ్ ఆల్వర్డ్ గురించి. టెర్రీ చిన్ననాటి స్నేహితుడు. వ్యాన్ తోలింది ఆయనే. మైలు ముందుకెళ్లి ఆగడం, నీళ్లు పట్టుకుని నిలబడడం, వంట, బట్టలు, అన్నీ ఆయనే. మొదటి వారాల్లో ఇద్దరికీ పడలేదు. ఒకే వ్యాన్‌లో ఉంటూ మాటల్లేని రోజులు కూడా ఉన్నాయి. అమ్మానాన్నలు విమానంలో వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది, తర్వాత తమ్ముడు డారెల్ కూడా వచ్చి చేరాడు. కాబట్టి ఉప్పల్ గారూ, మీకూ మీ ఫ్రెండుకీ నడుమ చికాకులొస్తే కంగారు పడకండి. అంత గొప్ప జంటకే తప్పలేదు.

ప్రతి సెప్టెంబరులో జరిగే టెర్రీ ఫాక్స్ రన్‌కి ఎంట్రీ ఫీజు లేదు. కనీసం ఇంత తేవాలన్న షరతు లేదు. గెలిచినవాళ్లూ లేరు. సూటి మాట గారికి నచ్చే పరుగు అదేనేమో.

సూటి_మాట · జూన్ 13

అది నచ్చింది. ఒప్పుకుంటున్నాను. కానీ మన దగ్గర అలాంటిది ఎక్కడుంది? ఇక్కడ ముందు స్పాన్సర్ బ్యానరు, తర్వాత పరుగు.

తాడు_రెండో_కొస · బెంగళూరు (సొంతూరు అనంతపురం) · జూన్ 14

నేను చూపు లేని ఒక మిత్రుడికి గైడ్‌గా పరిగెత్తుతాను. ఇద్దరి చేతుల మధ్య చిన్న తాడు, మేం వాడేది పాత షూలేసే. ఉప్పల్ గారి ప్రశ్నకి నా వైపు నుంచి కొంత చెప్పగలను.

గైడ్ లాగకూడదు, నెట్టకూడదు. వేగం ఎప్పుడూ అవతలి మనిషిదే. నా పని నోటితో: "ముందు స్పీడ్ బ్రేకర్, మూడు, రెండు, ఒకటి", "ఎడమకి మెల్లగా మలుపు", "నీళ్ల టేబుల్ కుడివైపు, కింద తడి". మన ఊళ్లలో అన్నిటికంటే ప్రమాదం మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద వరసగా వేసే ఆ సన్నటి గీతల బ్రేకర్లు. గంటసేపు ఇలా చెప్తూ పరిగెత్తితే నా ఒంటికన్నా నా బుర్ర ఎక్కువ అలిసిపోతుంది. సగం దూరంలో తను "ఇక కాసేపు ఏం చెప్పకు, రోడ్డు బాగుంది, నాకు తెలుస్తోంది" అంటాడు. అప్పుడు నోరు మూసుకోవడం కూడా నా పనే.

పారా అథ్లెటిక్స్‌లో (వికలాంగుల పోటీల్లో) నియమాలు ఇంకా గట్టివి. ముగింపు గీత దగ్గర గైడ్ ముందు దాటితే అథ్లెట్‌ని డిస్‌క్వాలిఫై చేస్తారు. పారిస్ 2024 పారాలింపిక్స్‌లో స్పెయిన్ మారథాన్ రన్నర్ ఎలెనా కాంగోస్త్ మూడో స్థానంలో వస్తోంది. గీతకి రెండు మూడు మీటర్ల ముందు గైడ్‌కి కాళ్లు పట్టేసి కూలబోయాడు. ఆమె తాడు వదిలేసి అతన్ని పట్టుకుంది. క్షణం తర్వాత మళ్లీ తాడు అందుకుని ఇద్దరూ దాటారు. వెనకున్న ఆవిడ నిమిషాల దూరంలో ఉంది, అంటే ఎవరికీ నష్టం లేదు. అయినా తాడు వదిలినందుకు డిస్‌క్వాలిఫై చేశారు. సాయం చెయ్యాల్సినవాడు పడిపోతుంటే సాయం అందుకునే మనిషి చెయ్యి చాచింది. ఆ రూల్ పుస్తకంలో దీనికి చోటు లేకపోయింది.

సూటి_మాట · జూన్ 14

రూల్ రూలే కదండీ. ఇవాళ ఒకరికి వదిలేస్తే రేపు తాడు లేకుండానే పరిగెత్తుతారు.

తాడు_రెండో_కొస · జూన్ 14

తాడు ఎందుకు పెట్టారు? గైడ్ లాగి గెలిపించకుండా, అథ్లెట్ ఒంటరిగా వెళ్లి ప్రమాదంలో పడకుండా. ఆ క్షణంలో ఆ రెండూ జరగలేదు. మీరు రూల్ అంటారు, నేను రూల్ వెనక కారణం అంటాను. ఇక్కడితో ఆపుదాం, ఇది ఉప్పల్ గారి చర్చ.

డ్యూటీ_డాక్టర్ · వరంగల్ · జూన్ 16

నైట్ డ్యూటీ అయ్యాక చూశాను. రక్తనిధిలో పనిచేస్తాను కాబట్టి రెండు సంగతులు చెప్పాలి.

తలసీమియా మేజర్ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎర్ర కణాలు ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, గుండెనీ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వాడాలి. ఖర్చంతా రక్తానిదే అనుకుంటారు చాలామంది. ఆ మందులు, పరీక్షలు, నెలనెలా పట్నం వచ్చిపోయే బస్సు ఛార్జీలు, పోయిన కూలి, ఇవీ కుటుంబాన్ని నలిపేస్తాయి. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఇదే పని మీద ఉంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే (జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసేవాళ్లైతే) ప్రతి కాన్పులోనూ నూటికి 25 వంతులు బిడ్డకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఉంది. పెళ్లికి ముందు హెచ్‌బిఎ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. జాతకాలు చూపించే ఇళ్లలో ఈ కాగితం కూడా చూపిస్తే బాగుండు.

రెండోది ఉప్పల్ గారికి. ఉత్సాహంలో ఆగస్టులో రక్తదానం చెయ్యకండి. తీసిన ద్రవం ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది కానీ ఎర్ర కణాలు మళ్లీ తయారవడానికి వారాలు పడుతుంది. ఆ లోపు పరుగు పెడితే ఆయాసమే. పరుగు అయ్యాక, కోలుకున్నాక ఇవ్వండి. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. అసలు శిక్షణ పెంచే ముందే ఒకసారి చూపించుకోండి. మన ఆడవాళ్లలో "వయసైపోతోంది, అందుకే ఆయాసం" అనుకునే చాలామందికి నిజానికి ఉండేది రక్తహీనత.

నీళ్ల సంగతి కూడా. ఉక్కగా ఉంటుంది కదా అని ప్రతి టేబుల్ దగ్గరా గ్లాసులకు గ్లాసులు ఉత్త నీళ్లు తాగేస్తారు కొందరు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలోనే ఇది ఎక్కువ, వాళ్లకి తాగే తీరిక ఉంటుంది. రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతి, మతి తప్పడం, అది నిజంగా ప్రాణాంతకం. దాహం వేసినంతే తాగండి. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్నది, లీటరు నీళ్లలో కలిపేది. డబ్బాల్లో అమ్మే పండ్ల రుచి తీపి నీళ్లు వేరు.

ఆ_రెండో_ఆవిడ · హైదరాబాద్ · జూన్ 17

ఏమే, ఇక్కడ నా గురించి పంచాయితీ పెట్టావని ఇప్పుడు తెలిసింది. "హన్మకొండలో డిగ్రీ" అని రాస్తే ఇంకెవరనుకోవాలి?

అందరూ పెద్ద మనసుతో నా త్యాగం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అసలు సంగతి చెప్తా. ఇన్నేళ్లూ ఒక్కదాన్నే పరిగెత్తాను, వాచీ చూసుకుంటూ. నిమిషం తగ్గితే పండగ, నిమిషం పెరిగితే ఆ రోజంతా ఇంట్లోవాళ్ల మీద చిరాకు. నిరుడు మడమ నొప్పి వచ్చి డాక్టరు నెమ్మదిగా పరిగెత్తమన్నాడు. నెమ్మదిగా ఒంటరిగా పరిగెత్తడం ఎంత విసుగో చేసినవాళ్లకే తెలుస్తుంది. అప్పుడు ఇది హాఫ్ అంది.

ఇంకోటి. డిగ్రీ అయ్యాక మనం కలిసింది ఎక్కడ? పెళ్లిళ్లలో, పెద్దకర్మల్లో. "పిల్లలేం చదువుతున్నారు" అనుకునేలోగా ఎవరో భోజనానికి పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఫోన్ లేకుండా రెండు గంటలు నీతో మాట్లాడుతున్నా. నువ్వు మధ్యలో "వెళ్లిపో, వెళ్లిపో" అంటూ చెప్పేది చెప్పనివ్వడం లేదు. నాకున్న ఇబ్బంది అదొక్కటే.

బాబాయ్ గారూ, అడుగు ముందు ఉండకూడదన్నది గుర్తుపెట్టుకుంటా. అది నాకు తెలియకుండానే జరుగుతోంది.

ఉప్పల్_నడక · జూన్ 17

దొరికిపోయాను. ఇక అనను.

పేసర్_బాబాయ్ · జూన్ 18

గిది బాగుంది. ఇగ పని మాట్లాడుకుందాం. నాలుగు నిమిషాలు ఉరుకుడు, నిమిషం నడుసుడు, మొదటి కిలోమీటర్ నుంచే. అలసినంక నడుసుడు కాదు, అలవకముందే నడవాలె. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌ల 10,000 మీటర్లు ఉరికిన జెఫ్ గాలోవే అనే అమెరికా ఆయన ఈ పద్ధతి నేర్పి మస్తు మందితోని మారథాన్ చేయించిండు. గంట కొట్టే పని రెండో ఆమెది. మొదటి ఆమె వాచ్ ఇంట్ల పెట్టి రావాలె.

వాసెలిన్ మర్వకుండ్రి. సంకల కింద, తొడల నడుమ. కొత్త టీషర్టు ఆ దినమే తొడిగితే గంటల తోలు లేస్తది.

మియాపూర్_మెట్రో · జూలై 20

చిన్న డౌటు. నా ఫ్రెండ్ కూడా హాఫ్ చేస్తున్నాడు, నాకు బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు చీటీ) దొరకలేదు. కేబుల్ బ్రిడ్జి దగ్గర కలిసి చివరిదాకా తోడు పరిగెత్తొచ్చా? లేదా ఊరెళ్లిన మా కొలీగ్ బిబ్ పెట్టుకుని రావచ్చా?

తాడు_రెండో_కొస · జూలై 20

రెండూ వద్దు తమ్ముడూ. నీళ్లు, అంబులెన్సులు, డాక్టర్లు, అన్నీ బిబ్‌ల లెక్క ప్రకారం పెడతారు. వేరేవాళ్ల బిబ్ ఇంకా ప్రమాదం. నువ్వు పడిపోతే వాళ్ల దగ్గరున్న పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు అన్నీ మీ కొలీగ్‌వి. వాళ్లింటికి ఫోన్ వెళ్తుంది. రోడ్డు పక్కన నిలబడి కేకలు వెయ్యి. అరటిపండు ఇవ్వు. రోడ్ నంబర్ 45 దగ్గర ఎవరూ ఉండరు, అక్కడ నిలబడితే పుణ్యం.

టైన్_వంతెన · న్యూకాజిల్, ఇంగ్లండ్ · జూలై 22

ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. మా ఊరి గ్రేట్ నార్త్ రన్ 1981లో మొదలైంది, హాఫ్ దూరమే, సెప్టెంబరులో. టీషర్టు వెనక "మా అమ్మ కోసం", "మా 7వ వార్డు కోసం" అని రాసుకుని పరిగెత్తేవాళ్లే కనిపిస్తారు. దాత ఇక్కడ పన్ను కట్టే మనిషైతే ఇచ్చిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం సంస్థకి ఇంకో 25 పెన్నీలు కలుపుతుంది, గిఫ్ట్ ఎయిడ్ అంటారు. పద్దు పుస్తకం గారూ, తేడా చూడండి: అక్కడ మినహాయింపు దాతకి, ఇక్కడ అదనం సంస్థకి.

అదే 1981 మార్చిలో మొట్టమొదటి లండన్ మారథాన్‌లో అమెరికా రన్నర్ డిక్ బియర్డ్‌స్లీ, నార్వే రన్నర్ ఇంగే సిమోన్సెన్ చేతులు పట్టుకుని ఒకేసారి గీత దాటారు. మొదటి స్థానం ఇద్దరిదీ. ఉప్పల్ గారూ, మీరిద్దరూ అలాగే దాటండి, ఫొటో పెట్టండి.

ఉప్పల్_నడక · ఆగస్టు 25

అయిపోయింది! కాళ్లు నావి కావు, మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను.

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద అందరూ మమ్మల్ని దాటుకుంటూ పోయారు. బెలూన్లు కట్టుకున్న పేసర్లు కూడా. మేం నాలుగు, ఒకటి, నాలుగు, ఒకటి. కేబీఆర్ ఎక్కేటప్పుడు అలా దాటినవాళ్లలో కొందరు నడుస్తూ కనిపించారు. గాలి లేదు, ఉక్క. జుట్టులోంచి చెమట కళ్లలోకి.

నన్ను ముందుకు లాక్కెళ్లింది ఓఆర్ఎస్ కాదు. ఈవిడ వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్ట్ గొడవ మొదలుపెట్టింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ తహసీల్దారు గారు "నేను లిఫ్ట్ ఎక్కను, మెయింటెనెన్స్ కట్టను" అన్నారట. మూడో అంతస్తు ఆవిడ మీటింగులో లేచి "మరి మీ ఇంటికొచ్చే నీళ్లు మా నెత్తిమీద ట్యాంకులోంచే కదా, మేం వాల్వు కట్టేస్తే" అందట. అక్కడికి నీళ్ల టేబుల్ వచ్చింది. "మిగతాది వచ్చే టేబుల్ దగ్గర" అని నోరు మూసుకుంది! చెక్‌పోస్ట్ దాటాక ఆయన తాళం వేసిన సంగతి. రోడ్ నంబర్ 45 ఎత్తులో లిఫ్ట్ గది తాళంచెవి మాయమైంది. తర్వాతేమైందని అడుగుదామంటే నాకు ఊపిరి లేదు. బాబాయ్ గారు చెప్పిన పరీక్ష అప్పుడు బాగా అర్థమైంది. మాట రావడం లేదంటే తగ్గించాలి, తగ్గిస్తే గానీ కథ తెలియదు. తగ్గించాం. కేబుల్ బ్రిడ్జి దగ్గర ఒక వాలంటీరు పిల్ల మా నంబర్లు చదివి మరీ అరిచింది.

2 గంటల 52 నిమిషాలు. విరాళాలు లక్ష దాటాయి, అన్నీ సంస్థ ఖాతాకే. కాకినాడ అక్కా, మొదటి పేరు చెయ్యి పెద్దగా ఉన్న బాబాయిదే పెట్టించాను, పనిచేసింది. అటెండర్ గారు పొద్దున్నే స్టేడియం గేటు దగ్గరికి బాబుని తీసుకొచ్చారు. వాడు నా మెడల్ వేసుకుని, "ఇది బంగారమా ఆంటీ" అని అడిగి, కాదంటే తిరిగిచ్చేశాడు.

ఆ_రెండో_ఆవిడ · ఆగస్టు 25

ఈవిడ రాయని సంగతి ఒకటుంది. చేతులు పట్టుకుని దాటుదామని న్యూకాజిల్ ఆవిడ చెప్పారు కదా, నేనూ అదే ఆశతో ఉన్నా. స్టేడియం మలుపు తిరిగిందో లేదో, ఇన్ని నెలలు "నువ్వు వెళ్లిపోవే" అన్న మనిషి నన్ను వదిలేసి ఉరికింది! నా చిప్ టైమ్ (బిబ్‌లోని చిప్ లెక్కగట్టే సమయం) తనకంటే ఆరు సెకన్లు ఎక్కువ. స్క్రీన్‌షాట్ దాచుకున్నా, వాళ్లమ్మాయి పెళ్లిలో చూపిస్తా.

పేసర్_బాబాయ్ · ఆగస్టు 25

శభాష్! పారా రూల్‌ల ఐతే సరిగ్గ అట్లనే దాటాలె, గైడ్ ఎనక. ఇద్దరూ ఈ వారం ఉరకొద్దు. మెల్లగ నడువుండ్రి.

పద్దు_పుస్తకం · ఆగస్టు 26

అభినందనలు. దాతల పాన్ వివరాలు ఇప్పుడే సరిచూసుకోమని సంస్థకి చెప్పండి. 10బీఈ వచ్చే మే నెలాఖరులోపు రావాలి, అప్పుడు తప్పు దొరికితే తిరగలేరు.

సూటి_మాట · సెప్టెంబరు 2

నేను విరాళం ఇవ్వలేదు, పరిగెత్తనూ లేదు. డాక్టర్ గారు రాసింది చదివాక రక్తనిధికి వెళ్లి వచ్చాను. బి పాజిటివ్. మూడు నెలలకోసారి రమ్మన్నారు, వెళ్తాను. పరుగుల మీద నా అభిప్రాయం మారలేదు.

డ్యూటీ_డాక్టర్ · సెప్టెంబరు 2

అభిప్రాయం మీ దగ్గరే ఉంచుకోండి సార్, మాకు యూనిట్ చాలు. వేసవి సెలవుల్లో కాలేజీ క్యాంపులు ఉండవు, నిల్వలు అడుగంటుతాయి. మీ తర్వాతి తేదీల్లో ఒకటి ఏప్రిల్, మే వైపు పడేలా చూసుకోండి.

కాజా_కావాలి · సెప్టెంబరు 3

అంతా బాగుంది గానీ, ఆ తాళంచెవి ఎవరు తీశారు? తహసీల్దారు గారా, మూడో అంతస్తు ఆవిడా? వారం నుంచి ఎదురుచూస్తున్నా, ఎవరూ అడగరేం?

గోదారోడు_టొరంటో · సెప్టెంబరు 3

నేనూ అదే అడుగుదామని వచ్చానండీ.

ఆ_రెండో_ఆవిడ · సెప్టెంబరు 3

ఇది టైప్ చేసి చెప్పే కథ కాదు. మేమిద్దరం విశాఖ నేవీ మారథాన్‌కి పేరిస్తున్నాం. మిగతాది బీచ్ రోడ్డులో చెప్తా, బిబ్ ఉన్నవాళ్లకే. మియాపూర్ తమ్ముడూ, ఈసారి ముందే కొనుక్కో.